విడిపోయాక వదలని పశ్చాత్తాపం, బెంగ: దాటడం ఎలా?

"తప్పు నాదే. ఇప్పుడు ఏం చేయాలి?"

ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లలో చాలామంది తమంతట తామే సంబంధం తెంచుకున్నవాళ్లు. ఇంట్లో ఒప్పుకోరని ముందే భయపడి తప్పుకున్నవాళ్లు, కులం మాట రాగానే నోరు పెగలనివాళ్లు, ఉద్యోగం వచ్చేదాకా ఆగమని చెప్పి, వచ్చాక ఫోన్ ఎత్తడం మానేసినవాళ్లు, కోపంలో "ఇక చాలు" అనేసి కొన్ని నెలలకు తేరుకున్నవాళ్లు. అవతలివాళ్లు వదిలేసి వెళ్తే కనీసం నలుగురూ జాలిపడతారు. మనమే వదులుకుంటే "నువ్వే కదా వద్దన్నావు" అంటారు. దాంతో బాధ చెప్పుకునే చోటు కూడా ఉండదు.

ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నదంతా ఇక్కడ ఒకేచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నాను. మిమ్మల్నే ఎవరైనా వదిలేసి ఉంటే 5, 6 స్టెప్పులు పెద్దగా అవసరం ఉండకపోవచ్చు. మిగతావన్నీ మీకూ పనికొస్తాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. మీలో ఉన్నవి రెండు వేర్వేరు బాధలు. ఒకటి బెంగ, అంటే ఆ మనిషి కావాలనిపించడం. రెండోది పశ్చాత్తాపం, అంటే మీరు చేసిన పని మిమ్మల్ని తొలిచేయడం. దూరం పాటిస్తే బెంగ కాలంతో పాటు తగ్గుతుంది. పశ్చాత్తాపం అలా తగ్గదు, దాని లెక్క తేల్చాలి. చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేస్తారు. బెంగ తట్టుకోలేక సారీ చెబుతారు, తప్పు దిద్దుకోవాలని తిరిగి రమ్మంటారు. అర్ధరాత్రి మెసేజ్‌లన్నీ ఈ తారుమారులో పుట్టినవే.

ముందు ఇది చూడండి

చచ్చిపోవాలనిపిస్తుంటే, మిమ్మల్ని మీరు గాయపరచుకుంటుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ లైన్. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన స్థితి అయితే 112. అమెరికాలో ఉన్నవాళ్లకు 988.

ఆ సంబంధంలో మీరు దెబ్బలు తిన్నా, బెదిరింపులు ఎదుర్కొన్నా 6, 7 స్టెప్పులు మీకు కావు. అలాంటి మనిషి మీద కూడా బెంగ వస్తుంది. అది వచ్చినంత మాత్రాన తిరిగి వెళ్లాలని కాదు. ఫోటోలు బయటపెడతానని ఎవరైనా బెదిరిస్తుంటే మెసేజ్‌లు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్లండి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది, తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి.

కావాల్సినవి

- ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో నోట్స్ యాప్ వద్దు, కారణం 4వ స్టెప్‌లో చెబుతాను.
- మూత ఉన్న అట్టపెట్టె ఒకటి, దాన్ని కట్టేందుకు టేపు.
- ఫోన్ సర్దుకోవడానికి పగటిపూట ఒక గంట.
- మీ మాట బయటికి పోనివ్వని మనిషి ఒక్కరు.
- మామూలు అలారం గడియారం.

1. మొదటి వారం: తిండి, నిద్ర

ఈ వారం ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఉద్యోగం మానేయడం, ఊరు మారడం, ఇంట్లో చూపిస్తున్న సంబంధానికి విసురుగా సరే అనేయడం, ఏవీ వద్దు. పూటకింత తినండి. ముద్ద దిగకపోతే పెరుగన్నం, మజ్జిగ, అరటిపండు, ఏది దిగితే అది. హాస్టల్లో ఉంటే మెస్‌కు ఒంటరిగా కాకుండా ఎవరితోనైనా వెళ్లండి, ప్లేటు ముందు కూర్చుంటే ఎంతో కొంత తింటారు.

ఫోన్‌ను మంచానికి దూరంగా, వీలైతే వేరే గదిలో చార్జింగ్ పెట్టి పడుకోండి. అలారం గడియారం ఇందుకే. నిద్ర కోసమని మద్యం తాగకండి. తాగినవాళ్లకు నిద్ర తొందరగా పట్టినా మధ్యరాత్రి తెగిపోతుంది. ఆ వేళకు ఫోన్ చేతిలో ఉంటుంది, మనసు మీద పట్టు ఉండదు.

2. రెండు బాధల్నీ కాగితం మీద విడదీయండి

నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా మూడు గళ్లుగా చేయండి. మొదటి గడికి "బెంగ", రెండోదానికి "నేను చేసింది", మూడోదానికి "అలా అయి ఉంటే" అని పేర్లు పెట్టండి. రెండు మూడు రోజుల పాటు, తన గురించి బుర్రలోకి వచ్చిన ప్రతి మాటనూ ఏదో ఒక గడిలో వేయండి.

ఉదాహరణకు:

"ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నడిచేవాళ్లం." ఇది బెంగ.

"వాళ్ల నాన్నగారికి ఆపరేషన్ జరిగిన రోజు ఫోన్ ఎత్తలేదు." ఇది నేను చేసింది.

"మా నాన్నతో గట్టిగా మాట్లాడి ఉంటే ఈపాటికి పెళ్లయిపోయేది." ఇది అలా అయి ఉంటే.

ఒక మాట ఏ గడిలోకి వస్తుందో తేలకపోతే ఇలా చూడండి. దానికి ఒక తేదీ, ఒక చోటు చెప్పగలిగి, ఆ పని చేసింది మీరే అయితే రెండో గడి. మీరేమీ చేయకపోయినా గుండె పిండేస్తుంటే మొదటి గడి. జరగనిదాని గురించైతే మూడో గడి.

మూడో గడే అందరికీ నిండిపోతుంది. అందులో ఉన్నవన్నీ ఊహలు. మాట్లాడి ఉంటే నాన్న ఒప్పుకునేవారో, ఇంకా మొండికేసేవారో ఎవరూ చెప్పలేరు. ఆ ఊహలో మీరు ధైర్యంగా ఉంటారు, ఇంట్లోవాళ్లు మెత్తబడతారు, తను ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. అలాంటి కథతో నిజ జీవితాన్ని పోల్చుకుంటే నిజం ఎప్పుడూ ఓడిపోతుంది. ఆ గడిలో రాయండి, కానీ దాని మీద చర్చ పెట్టుకోకండి. మొదటి గడికి 3, 4 స్టెప్పులు, రెండో గడికి 5, 6.

3. ఫోన్ సర్దండి

అన్నిటికన్నా తొందరగా ఫలితమిచ్చేది ఈ స్టెప్పే. అందరూ సగంలో వదిలేసేదీ ఇదే. 2012లో టారా మార్షల్ అనే పరిశోధకురాలు 464 మందిని పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, విడిపోయినవాళ్ల ఫేస్‌బుక్ పేజీని ఎక్కువగా చూసేవాళ్లలోనే బాధా, కావాలన్న తపనా ఎక్కువగా కనిపించాయి. మీ అనుభవమూ అదే చెబుతుంది. డీపీ మారిందో లేదో చూసి ప్రశాంతంగా పడుకున్న రోజు ఒక్కటైనా ఉందేమో గుర్తు చేసుకోండి.

పగటిపూట కూర్చుని, ఒక్కొక్కటిగా చేయండి.

వాట్సాప్: చాట్ ఏమాత్రం చెరపలేనంటే ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును మీ నమ్మకస్తుడి మెయిల్‌కు పంపండి, మీ మెయిల్‌కు కాదు. తర్వాత చాట్ తీసేయండి. నంబరును నోట్‌బుక్ చివరి పేజీలో రాసి కాంటాక్ట్స్‌లోంచి తొలగించండి. స్టేటస్‌లో కనిపించే గొడవ తీరుతుంది, ఆన్‌లైన్‌లో ఉందా లేదా అని తెరిచి చూసే అలవాటుకూ అడ్డు పడుతుంది.

ఇన్‌స్టాగ్రామ్: మ్యూట్ చాలదు. పోస్టులు కనిపించకపోయినా మీరే పేరు వెతికి చూస్తారు. అన్‌ఫాలో చేసి, వెతికిన పేర్ల జాబితాను కూడా క్లియర్ చేయండి. అయినా చేయి ఆగకపోతే బ్లాక్. బ్లాక్ చేస్తే తను ఏమనుకుంటుందో అని చాలామంది ఆగిపోతారు. ఇది తన మీద కోపంతో చేసేది కాదు, మీ చేతికి వేసే కళ్లెం. దొంగ ఖాతా తెరిచి చూడటం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఫోటోలు: తగలబెట్టడం, ఒక్క దెబ్బతో డిలీట్ చేయడం నేను చెప్పను. ఆవేశంలో చెరిపి తర్వాత వాటికోసం ఏడ్చేవాళ్లున్నారు. పెన్‌డ్రైవ్‌లోకి మార్చి అట్టపెట్టెలో వేసి, ఫోన్‌లోంచి తీసేయండి. అన్నీ మార్చే ఓపిక ఇప్పుడు లేకపోతే గూగుల్ ఫోటోస్ సెట్టింగ్స్‌లో మెమరీస్ అన్నచోట ఫలానా ముఖాన్ని, ఫలానా తేదీలను దాచిపెట్టే వీలుంది. "మూడేళ్ల కిందట ఇదే రోజు" అంటూ పొద్దున్నే వచ్చిపడే ఫోటో ఆగుతుంది.

ఎవరికీ గుర్తురాని చోట్లు కూడా ఉంటాయి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, ఫుడ్ డెలివరీ యాప్‌లో దాచిన తన అడ్రస్, ఇద్దరూ వాడుకున్న ఓటీటీ పాస్‌వర్డ్, యూపీఐ యాప్‌లో పేరు నొక్కగానే తెరుచుకునే పాత లావాదేవీలు. రూపాయి పంపి, దాంతోపాటు నోట్ రాసేవాళ్లు కూడా ఉన్నారు. అది మెసేజ్ కిందే లెక్క. అక్కడా బ్లాక్ చేయండి.

మీ ఇద్దరికీ కామన్‌గా ఉన్న స్నేహితులకు ఒక్క మాట చెప్పండి: "తన కబుర్లు నాకు చెప్పొద్దు, నావి తనకు చెప్పొద్దు. నేనే అడిగినా చెప్పొద్దు." చివరి వాక్యం తప్పకుండా చేర్చండి.

ఒకే ఆఫీసు, ఒకే కాలేజీ అయితే? పూర్తి దూరం కుదరదు కాబట్టి పని మాటలకు హద్దు పెట్టుకోండి. ఆఫీసు మెయిల్లో, గ్రూపులో, పదిమంది ముందు, పని విషయమే. పక్కకు పిలిచి "బాగున్నావా" అని అడగడం వద్దు. లంచ్ టైము, కూర్చునే చోటు మార్చుకోవడానికి సిగ్గుపడకండి.

ఇచ్చిపుచ్చుకోవాల్సిన డబ్బు, సర్టిఫికెట్లు, నగలు ఉంటే జాబితా రాసి స్నేహితుడి చేత ఒకేసారి తేల్చేయండి. ఒక్కో వస్తువుకీ ఒక్కోసారి కలిస్తే ఎప్పటికీ తెగదు.

4. తలపు ముంచుకొచ్చినప్పుడు

"అసలు తలుచుకోకూడదు" అని ఒట్టు పెట్టుకోకండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కూర్చోబెట్టాడు. అది వాళ్లకు పదే పదే గుర్తొస్తూనే ఉంది. ఆ తర్వాత ఆలోచించవచ్చని చెబితే, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించనిచ్చిన వాళ్లకన్నా ఎక్కువగా తలుచుకున్నారు. అణచడం పని చేయదు. తలపును రానివ్వాలి, చేతిని ఆపాలి.

మెసేజ్ పెట్టాలన్న ఆరాటం వచ్చినప్పుడు:

టైము చూసి, నోట్‌బుక్‌లో ఆ టైము రాయండి. ఫోన్‌ను చేతికి అందని చోట పెట్టండి. తనకు చెప్పాలనుకున్నదంతా నోట్‌బుక్‌లో, "నువ్వు" అని సంబోధిస్తూనే రాయండి. బూతులైనా, బతిమాలడమైనా ఫర్వాలేదు. ఫోన్‌లో టైప్ చేస్తే పంపడానికి ఒక్క వేలు చాలు, కాగితం మీద రాసింది పంపాలంటే ఎంతో తతంగం. నోట్స్ యాప్ వద్దన్నది ఇందుకే. రాయడం అయ్యాక లేచి ఒంటికి పని చెప్పండి. గిన్నెలు తోమండి, మేడ మెట్లు ఎక్కి దిగండి, చన్నీళ్లు పోసుకోండి. 20 నిమిషాల తర్వాత మళ్లీ టైము రాసి, ఆరాటం ఎంత ఉందో పదికి ఎంత అని మార్కు వేయండి.

చాలాసార్లు సగానికి దిగుతుంది. దిగకపోతే ఇంకో 20 నిమిషాలు ఆగండి. అప్పటికీ తగ్గకపోతే మీ నమ్మకస్తుడికి ఫోన్ చేయండి.

ఇంత ఆరాటం ఎందుకని మిమ్మల్ని మీరే అసహ్యించుకోకండి. 2010లో హెలెన్ ఫిషర్ బృందం, ప్రేమలో తిరస్కారం ఎదురైన 15 మందికి వాళ్లు మరవలేని మనిషి ఫోటో చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. కొకైన్ కోసం తపించేటప్పుడు చురుకయ్యే భాగాలు కొన్ని అప్పుడూ చురుకయ్యాయి. అలవాటు మానేటప్పుడు పడే యాతనే ఇది. ఒక్క మెసేజ్‌తో తీరేలా అనిపిస్తుంది కానీ, ఆ ఒక్కదానితో మళ్లీ మొదటికొస్తుంది.

5. చేసినదాని లెక్క రాయండి

ఇప్పుడు రెండో గడి. ఆరాటం కాస్త నెమ్మదించాకే ఇది మొదలుపెట్టండి. మొదటి వారంలో రాస్తే ఇది లెక్కలా కాక శిక్షలా తయారవుతుంది.

వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, ఎవరూ కదిలించని చోట కూర్చుని రాయండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ తమ ప్రయోగంలో విద్యార్థుల చేత మనసులోని గాయాల గురించి రాయించిన కొలత ఇదే. రాసిన వెంటనే మనసు బరువెక్కుతుంది. అది మామూలే, కాబట్టి పడుకునే ముందు కాకుండా సాయంత్రం రాయండి.

రెండో గడిలో మిమ్మల్ని ఎక్కువగా పొడుస్తున్న ఒక్క విషయాన్ని తీసుకుని వీటికి జవాబులు రాయండి:

- సరిగ్గా ఏం చేశాను?
- అప్పుడు నాకు ఏం తెలుసు, ఏం తెలియదు?
- ఎందుకు అలా చేశాను? ఏం పోతుందని భయపడ్డాను?
- దానివల్ల తనకు ఏం నష్టం జరిగింది?
- అందులో నా చేతిలో లేనిది ఏమిటి?
- మళ్లీ అలాంటి సందర్భం వస్తే ఏం చేస్తాను?

మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది జారిపోతారు. "నేను పిరికివాణ్ని, మోసగాణ్ని" అని రాస్తారు. అది తిట్టు, లెక్క కాదు. ఇలా రాయాలి: "మా ఇంట్లో మాట్లాడమని తను మూడుసార్లు అడిగింది. అక్క పెళ్లయ్యాక అన్నాను. అక్క పెళ్లి మేలో అయింది. జూన్‌లో అమ్మకు బీపీ అన్నాను. దసరాకు ఇంటికెళ్లి నాలుగు రోజులు ఉండి కూడా నోరు తెరవలేదు. తిరిగొచ్చాక 'వాళ్లు ఒప్పుకోవట్లేదు' అని చెప్పాను. అసలు అడగనే లేదు."

చదువుతుంటే చెమట పట్టేలా ఉంది కదా. కానీ ఇప్పుడు తప్పు ఎక్కడుందో కనిపిస్తోంది. ఇంట్లో భయపడటం తప్పు కాదు. అడగకుండానే అడిగానని చెప్పడం తప్పు. అంటే దిద్దుకోవాల్సింది కూడా అదే: భయమేసినప్పుడు భయమేస్తోందని చెప్పడం. "నేను చెడ్డవాణ్ని" అన్నదానితో చేయగలిగిందేమీ లేదు, దీనితో ఉంది.

రెండో ప్రశ్నను దాటేయకండి. ఇవాళ తెలిసినదాన్ని పట్టుకుని, తెలియని రోజున చేసినదానికి తీర్పు చెప్పడం న్యాయం కాదు. 22 ఏళ్లప్పుడు చేతిలో జీతం లేక, చెల్లెలి చదువు మీ మీద ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని ఆ పరిస్థితిలో పెట్టే చూడాలి. అయితే ఇది సాకుగా మారకూడదు. తెలిసి కూడా చేసినవాటిని తెలిసి చేశాననే రాయండి.

6. క్షమాపణ చెప్పాలా, వద్దా?

చెప్పకూడని సందర్భాలు ముందు. తను ఇక మాట్లాడవద్దని చెప్పి ఉంటే. మిమ్మల్ని బ్లాక్ చేసి ఉంటే. తనకు పెళ్లి కుదిరినా, అయిపోయినా. జవాబు వస్తుందన్న ఆశ మీలో ఏ మూలనైనా ఉంటే.

అబ్బాయిలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆసక్తి లేదని ఆమె స్పష్టంగా చెప్పాక పదే పదే వెంటపడటం, మాట్లాడాలని ప్రయత్నించడం, ఆన్‌లైన్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టుకుని ఉండటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, హాస్టల్ గేటు బయట మీరు నిలబడి ఉంటే లోపల ఆమె గుండె ఎలా కొట్టుకుంటుందో ఆలోచించండి. వెంటపడితే చివరికి కరుగుతారన్నది సినిమాల్లోని మాట.

పైవేవీ అడ్డు కాకపోతే ఒక్కసారి, ఒక్క మెసేజ్. ఇలా ఉండవచ్చు:

"దీనికి నువ్వు జవాబు ఇవ్వక్కర్లేదు. మా ఇంట్లో అడిగాను, ఒప్పుకోలేదు అని నీకు చెప్పాను. నిజానికి నేను అడగలేదు. భయపడ్డాను. ఆ మాట చెప్పలేక నెలల తరబడి నిన్ను ఆశలో ఉంచాను. నీ నమ్మకాన్ని, సమయాన్ని పాడుచేశాను. తప్పు నాది. నీలో ఏదో లోపం ఉండి ఇలా జరిగిందని నువ్వు అనుకోకూడదనే ఈ నిజం చెబుతున్నాను. ఇక మెసేజ్ చేయను."

ఇందులో ఏం లేవో చూడండి. "ఇంకా నిన్ను మర్చిపోలేదు" లేదు. "మా అమ్మ వల్ల" లేదు. "నువ్వు కూడా అప్పుడు" లేదు. "ఒక్కసారి కలుద్దాం" లేదు. వీటిలో ఏ ఒక్కటి చేరినా అది క్షమాపణ అవ్వదు, బెంగ వేరే వేషంలో వచ్చినట్టే.

రాసి వారం పాటు నోట్‌బుక్‌లోనే ఉంచండి. మీ నమ్మకస్తుడికి చూపించండి. వారం తర్వాత కూడా పంపాలనిపిస్తే పగటిపూట పంపండి, వెంటనే ఆ చాట్ తీసేయండి. జవాబుగా తిట్లు వస్తే "అర్థమైంది" అని ఊరుకోండి, వాదించకండి.

పంపే వీలు లేనివాళ్లు ఏం చేయాలి? చేసిన తప్పు ఏ రకమో చూసి దాన్ని వేరేచోట దిద్దండి. తన గురించి స్నేహితుల దగ్గర చెడుగా చెప్పి ఉంటే ఆ స్నేహితులకు నిజం చెప్పండి. డబ్బు బాకీ ఉంటే మూడో మనిషి ద్వారా కట్టేయండి. ఇంట్లో మాట్లాడలేకపోయి ఉంటే, ఇప్పుడు ఇంకో విషయంలోనైనా నాన్న ఎదుట కూర్చుని మీ అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టండి.

7. తిరిగి కలవాలనిపిస్తే

అసలు కుదరదని నేను అనను. కొందరు కలుస్తారు, బాగానే ఉంటారు. కానీ ముందు నోట్‌బుక్‌లో రాయండి: విడిపోవడానికి అసలు కారణం ఏమిటి? ఆ కారణం ఇప్పుడు మారిందా? మారిందనడానికి రుజువేమిటి?

"నేను మారాను" రుజువు కాదు. "ఇంట్లో తన పేరు చెప్పి మాట్లాడాను, నాన్న నెల రోజులు మాట్లాడలేదు, అయినా మాట మార్చలేదు" అన్నది రుజువు. ముందు ఇంట్లో తేల్చుకుని, తర్వాత తన దగ్గరికి వెళ్లండి. తను ఒప్పుకుంటే అప్పుడు ఇంట్లో అడుగుతానంటే పాత కథే మళ్లీ మొదలవుతుంది, రెండోసారి కూడా దెబ్బ తగిలేది తనకే.

ఒకసారి అడగండి. కాదంటే అక్కడితో సరి. "చూద్దాం", "ఇప్పుడేం చెప్పలేను" అన్నవాటిని కూడా కాదనే తీసుకోండి. తనకు కావాలనిపిస్తే మీ నంబరు తన దగ్గర ఉంటుంది.

8. మనుషులకు చెప్పుకోవడం, సంబంధాల ఒత్తిడి

మీ నమ్మకస్తుడితో ముందే ఒప్పందం చేసుకోండి. "సలహా వద్దు, పదిహేను నిమిషాలు విను చాలు" అని అడగండి. "మరిచిపో, ఇంకొకరు దొరుకుతారు" అనే మనిషి మంచివాడే కావచ్చు, ఈ పనికి మాత్రం వద్దు. రోజూ ఒకే కథను అదే మనిషికి గంటల తరబడి చెప్పడం కూడా మేలు చేయదు, మాట్లాడిన కొద్దీ గాయం పచ్చిగానే ఉంటుంది. మాట అయ్యాక ఇద్దరూ కలిసి టిఫిన్‌కు వెళ్లండి.

అమ్మ ఏమైందని అడుగుతుంది, తిండి తగ్గితే ముందు ఆమే కనిపెడుతుంది. అన్నీ చెప్పలేకపోతే "మనసు బాలేదమ్మా, కొన్నాళ్లలో కోలుకుంటాను, ఇప్పుడేం అడక్కు" అనండి. అబద్ధం చెప్పి కప్పిపుచ్చడం కన్నా ఇది నయం.

ఇంట్లో సంబంధాలు చూస్తుంటే గడువు అడగండి. ఊరికే "ఇప్పుడు వద్దు" అంటే ఎవరూ వినరు, "సంక్రాంతి దాకా ఆగండి, ఆ తర్వాత నేనే కూర్చుని మాట్లాడతాను" అంటే వింటారు. ఆ మాట నిలబెట్టుకోండి. ఒకరిని మర్చిపోవడానికి ఇంకొకరిని పెళ్లి చేసుకోకండి. పెళ్లిచూపుల్లో ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదు. ఆ అమ్మాయికో అబ్బాయికో మీరు చేసే అన్యాయం రేపు ఇంకో పశ్చాత్తాపం అవుతుంది.

విదేశాల్లో చదువుకునేవాళ్లకు ఒంటరితనం ఇంకా ఎక్కువ. చలికాలం నాలుగింటికే చీకటి పడే ఊళ్లలో మరీను. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు కౌన్సెలింగ్ ఉంటుంది, ఫీజులోనే కలిసి ఉంటుంది. అపాయింట్‌మెంట్ తీసుకోండి.

9. కొన్ని రోజులు కష్టంగా ఉంటాయి

తన పుట్టినరోజు, మీరు మొదట కలిసిన రోజు, ఉగాది, కొత్త సంవత్సరం. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ సాయంత్రాలకు ముందే ఏదో పని పెట్టుకోండి. పుట్టినరోజుకు "ఒక్క విష్ చేస్తే ఏం పోయింది" అనిపిస్తుంది. చేయకండి.

తన పెళ్లి వార్త ఏదో ఒక రోజు వస్తుంది. కాలేజీ గ్రూపులో శుభలేఖ ఫోటో రూపంలోనే రావచ్చు. ఆ రోజు గ్రూపును మ్యూట్ చేసి, మీ నమ్మకస్తుడి దగ్గరికి వెళ్లి పడుకోండి. ఫోటోలు జూమ్ చేసి చూడకండి. అభినందనలు చెప్పాల్సిన బాధ్యత మీ మీద లేదు. ఆ రోజు బాధ తిరగబెట్టినంత మాత్రాన ఇన్నాళ్లు పడ్డ శ్రమ వృథా అయినట్టు కాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"ఫ్రెండ్స్‌గా ఉందాం" అనడం. కనీసం ఒకరికి ఇంకా ఆశ ఉన్నంతకాలం అది స్నేహం కాదు, వాయిదా.

బాధ తగ్గుతుంటే భయపడటం. "మర్చిపోతున్నానంటే నాది నిజమైన ప్రేమ కాదా" అని కావాలని పాత పాటలు పెట్టుకుని గాయాన్ని కెలుక్కునేవాళ్లున్నారు. కోలుకోవడం తనకు చేసే ద్రోహం కాదు.

తనలోని చెడ్డ గుణాల జాబితా రాసుకుని రోజూ చదవడం. ప్రేమ కొంత తగ్గినట్టు అనిపించినా మనసు చేదెక్కుతుంది. తనను దేవతను చేయడం ఎంత అబద్ధమో, దెయ్యాన్ని చేయడమూ అంతే.

కసరత్తులు, ట్రిప్పులు, కొత్త బైకు, అన్నీ స్టేటస్‌లో పెట్టడం. అవి ఎవరు చూడాలని పెడుతున్నారో మీకు తెలుసు. చూసినవాళ్ల జాబితాలో తన పేరు వెతుకుతుంటే 3వ స్టెప్ పూర్తి కాలేదని అర్థం.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

"ఇంకా గుర్తొస్తోంది" అన్నదాన్ని కొలతగా తీసుకోకండి. ఏళ్ల తర్వాత కూడా గుర్తు రావచ్చు. నెలకోసారి నోట్‌బుక్ తెరిచి ఇవి చూడండి: ఆరాటం వచ్చిన టైములు ఈ నెల ఎన్ని ఉన్నాయి, పోయిన నెల ఎన్ని? 20 నిమిషాల తర్వాత మార్కు ఎంతకు దిగుతోంది? రెండో గడిలోని విషయాన్ని మీ నమ్మకస్తుడికి, మిమ్మల్ని తిట్టుకోకుండా, సాకులు చెప్పకుండా వరసగా చెప్పగలుగుతున్నారా? తన పేరున్న ఇంకో మనిషి పరిచయమైతే మామూలుగా పిలవగలుగుతున్నారా?

అంకెలు ఒక నెల తగ్గి ఇంకో నెల పెరగవచ్చు. మూడు నెలల వరస చూడండి. కానీ రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ నిద్ర, తిండి సరిగా లేక, పనికి వెళ్లలేక, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే మూడు నెలలు ఆగవద్దు. అది డిప్రెషన్ కావచ్చు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రత్యేకంగా ప్రభుత్వ మానసిక వైద్యశాలలే ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416 వాళ్లే చెబుతారు.

ఎప్పుడో ఒక రాత్రి జారిపోయి మెసేజ్ పెట్టేశారనుకోండి. దాన్ని సర్దడానికి రెండో మెసేజ్ పెట్టకండి, సారీ అని కూడా. పొద్దున లేచాక నోట్‌బుక్‌లో ఆ టైమూ, దానికి ముందు గంటలో ఏం జరిగిందో రాయండి. అప్పుడు ఫోన్ ఎక్కడుంది, నంబరు ఎలా దొరికింది, తాగి ఉన్నారా, ఎవరి పెళ్లి నుంచైనా వచ్చారా అన్నవి చూసి ఆ ఒక్క సందు మూసేయండి. మిగతా స్టెప్పులు మొదటినుంచి మళ్లీ చేయక్కర్లేదు, ఆగినచోటి నుంచే కొనసాగించండి.